ఈసీజీ చీటీ మీది ప్రశ్నార్థకం ఎక్కడ పోతోంది?

ఈసీజీలో ఏదో తేడా కనిపించింది. అది జబ్బా, కాదా అన్నది ఇంకా తేలలేదు. ఈ మధ్య స్థితిని ఆసుపత్రి కాగితంలో ఎలా రాయాలి? చూడటానికి ఇది గుమస్తా పనిలా ఉంటుంది. కానీ ఆ ఒక్క వరుస మీద ఒక మనిషి ఉద్యోగం, బీమా, ఒక్కోసారి ప్రాణం కూడా ఆధారపడి ఉంటాయి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. "ఇంకా తేలలేదు" అని నిజాయితీగా రాసే చోటు మన ఆరోగ్య రికార్డుల్లో ఉండాలి. దాని పక్కనే "ఎప్పటిలోగా తేల్చాలి" అన్న తేదీ ఉండాలి. ఈ రెండూ లేకపోతే డిజిటల్ ఆరోగ్య మిషన్లు ఎన్ని వచ్చినా కాగితం మీది తప్పు కంప్యూటర్లోకి మారుతుంది, అంతే.

నేను సూరత్ శివార్లలోని ఇచ్ఛాపూర్‌లో ఉండి ప్రిపేర్ అవుతున్నాను. హజీరా వైపు వెళ్లే రోడ్డు మీద ఉంటుంది ఈ ఊరు. అటు ఉక్కు, ఎరువులు, గ్యాస్, భారీ ఇంజనీరింగ్ కర్మాగారాలు. ఇటు వజ్రాల పార్కు. పనికి వచ్చేవాళ్లలో ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ వాళ్లతో పాటు మన తెలుగువాళ్లూ ఉంటారు. సూరత్ నగరంలోనైతే తెలంగాణ నుంచి మరమగ్గాల మీదకు వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమం బడులు నడిపేంత పెద్ద జనాభా అది. ఇచ్ఛాపూర్ టీ కొట్ల దగ్గర "మెడికల్ అయిందా?" అన్న ప్రశ్న తరచుగా వినబడుతుంది. గేట్‌పాస్ రావాలంటే ముందు మెడికల్ అవ్వాలి. అందులో చాలాసార్లు ఈసీజీ కూడా ఉంటుంది. అందుకే ఈ అంశం నాకు పుస్తకాల్లో కంటే ముందు వీధిలో ఎదురైంది.

కోడ్ ఏం చెబుతుంది?

ముందు ప్రాథమిక విషయాలు చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించే అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణను ఐసీడీ అంటాం. పదో సవరణ 1990లో ఆమోదం పొందింది. పదకొండో సవరణకు 2019 మేలో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదం తెలిపింది. అది 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మన దేశంలో మరణ కారణాల లెక్కలకు వాడుతూ వచ్చింది ఐసీడీ-10నే.

ఐసీడీ-10లో గుండె, రక్తనాళాల జబ్బులకు "ఐ" అక్షరంతో మొదలయ్యే కోడ్లు ఉంటాయి. తీవ్రమైన గుండెపోటుకు ఐ21, గుండె వైఫల్యానికి ఐ50. వీటితో సంబంధం లేకుండా "ఆర్" అక్షరంతో ఒక అధ్యాయం ఉంది. లక్షణాలు, సంకేతాలు, పరీక్షల్లో తేలిన అసాధారణ ఫలితాలు అందులోకి వస్తాయి. ఆ అధ్యాయంలో ఆర్90 నుంచి ఆర్94 వరకు ఉన్న భాగం పేరులోనే "రోగ నిర్ధారణ లేకుండా" అన్న మాట ఉంది. గుండె పనితీరు పరీక్షల్లో వచ్చే అసాధారణ ఫలితాలకు కోడ్ ఆర్94.3.

అమెరికా తన అవసరాలకు మార్చుకుని 2015 అక్టోబరు 1 నుంచి వాడుతున్న రూపంలో దీన్ని మూడుగా విడదీశారు. పరీక్ష ఏదో చెప్పకపోతే ఆర్94.30. ఈసీజీ అసాధారణమైతే ఆర్94.31. ట్రెడ్‌మిల్ లాంటి ఇతర పరీక్ష అయితే ఆర్94.39. ఎకోలో తేడా కనిపిస్తే మాత్రం అది ఇక్కడికి రాదు. ఎకో అనేది బొమ్మ తీసే పరీక్ష కాబట్టి ఆర్93.1 కిందకు వెళుతుంది. క్యూటీ వ్యవధి పొడవుగా ఉండే లాంగ్ క్యూటీ సిండ్రోమ్ అని డాక్టర్ నిర్ధారిస్తే దానికి వేరే జబ్బు కోడ్ ఉంది, అప్పుడు ఆర్94.31 వాడకూడదు.

ఈ వివరాలు బట్టీ పట్టాల్సిన పని లేదు. వాటి వెనుక ఉన్న ఆలోచన గమనిస్తే చాలు. "పరీక్షలో తేడా ఉంది" అన్నది ఒక వాస్తవం. "జబ్బు ఉంది" అన్నది ఇంకో వాస్తవం. మొదటిది చూసి రెండోది రాసేయకూడదు. రెండోది తెలియలేదని మొదటిది దాచకూడదు. ఆ రెండింటి మధ్య గోడలా ఆర్94.3 నిలబడుతుంది.

ఒకే ఈసీజీ, మూడు రాతలు

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. 42 ఏళ్ల ఫిట్టర్. ఛాతీ నొప్పి లేదు, ఆయాసం లేదు. పనిలో చేరే ముందు ఈసీజీ తీశారు. వీ4 నుంచి వీ6 వరకు ఉన్న లీడ్లలో టీ తరంగం తలకిందులుగా వచ్చింది. దీనికి కారణాలు చాలా ఉండొచ్చు. గుండె కండరానికి రక్తం చాలకపోవచ్చు. ఏళ్ల తరబడి పట్టించుకోని బీపీ వల్ల గుండె గోడ మందమై ఉండొచ్చు. పుట్టుకతో వచ్చిన కండరం జబ్బు కావచ్చు. రక్తంలో పొటాషియం తగ్గినా టీ తరంగం మారుతుంది. ఇతర ఈసీజీల్లోనైతే చేతులకు పెట్టే తీగలు అటుదిటు అయినా గీతలు తలకిందులవుతాయి. గీత ఒక్కదాన్ని చూసి ఇవన్నీ విడదీయలేం.

ఇప్పుడు ఆ కాగితం మీద ఏం రాస్తారు?

మొదటి రాత: "నార్మల్". కాంట్రాక్టర్ తొందరలో ఉన్నాడు, మనిషికి రేపటి నుంచి పని కావాలి, లక్షణాలేమీ లేవు. అందరికీ సులువు. కానీ ఏడాది తర్వాత అర్ధరాత్రి ఛాతీ నొప్పితో ఆసుపత్రికి వెళితే డ్యూటీ డాక్టర్ మొదట అడిగేది "పాత ఈసీజీ ఉందా?" అనే. ఇప్పుడు కనిపిస్తున్న మార్పు పాతదా, ఈ రాత్రి కొత్తగా వచ్చిందా అన్నదాన్ని బట్టి వైద్యం మారుతుంది. పాత కాగితం "నార్మల్" అని అబద్ధం చెబితే పాత మార్పు కూడా కొత్తదిగా కనిపిస్తుంది. అసలు జబ్బు ఉండి ఉంటే, ఆ ఏడాదిలో అందాల్సిన వైద్యం ఎలాగూ పోయింది.

రెండో రాత: "ఐహెచ్‌డీ", అంటే గుండె కండరానికి రక్తం చాలని జబ్బు. ఒక్క ఈసీజీతో ముద్ర పడింది. పని పోయింది. రేపు ఆరోగ్య బీమా తీసుకుంటే అది "ముందే ఉన్న జబ్బు". బీమా నియంత్రణ సంస్థ 2024లో ఇలాంటి జబ్బులకు నిరీక్షణ కాలాన్ని గరిష్ఠంగా 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గించింది. తగ్గింది నిజమే. అయినా లేని జబ్బుకు 36 నెలలు ఎదురుచూడటం న్యాయం కాదు కదా. తర్వాత ఎకోలో గుండె నిక్షేపంగా ఉందని తేలినా మొదటి కాగితాన్ని ఎవరూ సరిదిద్దరు.

మూడో రాత: "?ఐహెచ్‌డీ". ఓపీ చీటీల మీద ఇలా ప్రశ్నార్థకం పెట్టి రాయడం డాక్టర్ల అలవాటు. నిజానికి ఇది నిజాయితీ గల రాత. అనుమానం ఉంది, నిర్ధారణ కాలేదని చెబుతోంది. చిక్కు తర్వాత వస్తుంది. ఆ చీటీని కంప్యూటర్లో ఎక్కించే మనిషి ముందు ఒక జాబితా ఉంటుంది. అందులో ఐహెచ్‌డీ ఉంటుంది, నార్మల్ ఉంటుంది. ప్రశ్నార్థకం ఉండదు. అక్కడ అది రాలిపోతుంది. డాక్టర్ అనుమానం డేటా ఎంట్రీలో నిర్ధారణగా మారుతుంది. ఇక్కడ డాక్టర్ తప్పు లేదు, టైప్ చేసినవాడి తప్పూ లేదు. తప్పు ఫారం తయారు చేసినవాళ్లది.

సరైన రాత ఇలా ఉండాలి: "ఈసీజీ అసాధారణం. వీ4 నుంచి వీ6 వరకు టీ తరంగం తలకిందులు. లక్షణాలు లేవు. పోల్చడానికి పాత ఈసీజీ లేదు. బీపీ రీడింగ్ ఇంత. ఎకో, గుండె నిపుణుడి సలహా అవసరం. ఫలానా తేదీలోగా తిరిగి రావాలి." నాలుగైదు వరుసలు. కోడ్ ఆర్94.31. ఎకోలో బీపీ వల్ల గోడ మందమైందని తేలితే అప్పుడు కోడ్ మారుతుంది, బీపీకి మందు మొదలవుతుంది. ఏమీ లేదని తేలితే అది కూడా రాస్తారు. రెండు సందర్భాల్లోనూ మొదటి కాగితం అబద్ధం చెప్పలేదు.

హైదరాబాద్‌లో రోజూ పాటించే నియమమే

ఇదంతా ఆచరణలో సాధ్యం కాదనే మిత్రులకు ఒక మాట. ఈ క్రమశిక్షణను పాటిస్తున్నది మనవాళ్లే. లైఫ్ సైన్సెస్, ఫార్మసీ చదివిన వేలమంది తెలుగు యువతీ యువకులు హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా రోగుల రికార్డులకు కోడ్లు వేస్తున్నారు. అమీర్‌పేటలో జావా కోర్సు బోర్డు పక్కనే మెడికల్ కోడింగ్ బోర్డు ఉంటుంది. అక్కడ నేర్పే పాఠాల్లో ఒకటి: ఓపీ రికార్డులో డాక్టర్ "అనుమానం", "కావచ్చు", "తోసిపుచ్చాలి" అని రాస్తే ఆ జబ్బుకు కోడ్ వేయకూడదు. ఆ సందర్శనలో ఎంతవరకు రూఢిగా తెలిసిందో అంతవరకే వేయాలి. లక్షణం తెలిస్తే లక్షణానికి, పరీక్షలో తేడా తెలిస్తే ఆ తేడాకు. ఆసుపత్రిలో చేరి డిశ్చార్జి అయిన రోగులకు అక్కడ నియమం వేరుగా ఉంటుంది, ఓపీకి మాత్రం ఇదే.

ఇంకో నియమం కూడా ఉంది. ఈసీజీ గీత చూసి కోడర్ సొంతంగా జబ్బు పేరు తేల్చకూడదు. డాక్టర్ రాత కావాలి. రాత స్పష్టంగా లేకపోతే డాక్టర్‌ను అడగాలి. అంటే చూసేవాళ్లు, నిర్ణయించేవాళ్లు, నమోదు చేసేవాళ్లు వేర్వేరు. ఒకరి పని ఇంకొకరు చేయకూడదు. పాలనాశాస్త్రంలో మనం చదివే జవాబుదారీతనం ఇదే.

అక్కడ ఇదంతా బిల్లుల కోసం చేస్తారు కదా అనొచ్చు. నిజమే. బీమా డబ్బు ఉంది కాబట్టే అంత పట్టింపు. కానీ ఫలితం చూడండి. టెక్సాస్‌లో ఒక రోగి ఈసీజీలో తేడా వస్తే ఆ అనుమానం జబ్బుగా నమోదు కాకుండా హైదరాబాద్‌లో ఒక తెలుగు అమ్మాయి కాపలా కాస్తుంది. అదే అమ్మాయి నాన్న హజీరాలో వెల్డరైతే ఆయన ఈసీజీకి ఆ కాపలా లేదు.

ఓపీ ఈసీజీ ఎవరి లెక్కలోనూ లేదు

మన వ్యవస్థలో ఈ ఖాళీ ఎందుకు వచ్చింది? మన రికార్డులన్నీ ఆసుపత్రిలో చేరిన రోగి చుట్టూనే పెరిగాయి.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. పేదవాడికి గుండె ఆపరేషన్ అందుబాటులోకి తెచ్చిన గొప్ప పథకం అది. 2018 సెప్టెంబరు 23న మొదలైన ఆయుష్మాన్ భారత్ పీఎం-జేఏవై కూడా అదే దారిలో నడిచింది. రెండింట్లోనూ ప్రధానంగా చికిత్సల ప్యాకేజీలకు కోడ్లు ఉంటాయి. స్టెంట్‌కు కోడ్ ఉంది. స్టెంట్ అవసరం రాకముందే, ఓపీలో కనిపించిన టీ తరంగానికి ఆ లెక్కల్లో చోటు లేదు.

వైద్య మండలి 2002 నియమావళి చూడండి. 2023లో వచ్చిన కొత్త నియమావళిని కొద్ది రోజులకే నిలిపివేశారు కాబట్టి ఇప్పటికీ పాతదే ప్రమాణం. ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులను 3 ఏళ్లు భద్రపరచాలని, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని అందులో ఉంది. చేరిన రోగులవి! ఓపీ ఈసీజీ సంగతి రోగి జేబుకే వదిలేశారు. అది కూడా థర్మల్ కాగితం. దుకాణం బిల్లులాగే వేడికి, వెలుతురుకి వెలిసిపోతుంది. సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో, మిల్లీవోల్టుకు 10 మిల్లీమీటర్ల ఎత్తుతో సాధారణంగా ఒకే కొలతలో గీసే ఒక అద్భుతమైన సంకేతాన్ని కొన్నాళ్లకు తెల్లబడే కాగితం మీద వదిలేస్తున్నాం. ఈసీఈ చదివిన నాకు ఇది మరీ బాధగా అనిపిస్తుంది.

బతికుండగా రాయనిది చనిపోయాక తెలియదు. 2020 నివేదిక ప్రకారం దేశంలో నమోదైన మరణాల్లో 22.5 శాతానికే వైద్యపరంగా ధ్రువీకరించిన కారణం ఉంది. అలా ధ్రువీకరించిన వాటిలో గుండె, రక్తప్రసరణ వ్యవస్థ జబ్బులదే మొదటి స్థానం. మిగతా మరణాల సంగతి? ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04 ప్రాంతంలో పరిశోధకులు చనిపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి, చివరి రోజుల్లో ఏం జరిగిందో కుటుంబ సభ్యులను అడిగి, మరణ కారణాలను ఐసీడీ కోడ్లలోకి మార్చారు. మూడింట ఒక వంతుకు దగ్గరగా, 32 శాతం మరణాలకు రక్తప్రసరణ వ్యవస్థ జబ్బులే కారణమని తేలింది. పల్లెల్లో అంటురోగాలే ప్రధానమన్న పాత నమ్మకాన్ని ఆ అధ్యయనం కదిలించింది. కానీ ఆలోచించండి: ఇంటికెళ్లి భార్యనో కొడుకునో అడిగి తెలుసుకోవాల్సి వచ్చిందంటే, ఆ మనిషి బతికుండగా అతని గుండె గురించి చదవదగ్గ కాగితం ఎక్కడా లేదన్నమాటే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. "ఆర్" కోడ్ బతికున్న మనిషి విషయంలో నిజాయితీ, చనిపోయిన మనిషి విషయంలో వైఫల్యం. మరణ కారణం దగ్గర "ఆర్" అధ్యాయం కోడ్ పడిందంటే కారణం తెలుసుకోలేకపోయామని అర్థం. మరణ ధ్రువీకరణ పత్రంలో "గుండె, ఊపిరి ఆగిపోవడం" అని రాసినా అంతే. చావు ఎలా వచ్చిందో కాదు, ఏ జబ్బు వల్ల వచ్చిందో రాయమని ఆ ఫారమే చెబుతుంది. కాబట్టి ఆర్94.31 మజిలీగా ఉండాలి, నివాసంగా మారకూడదు. తేదీ లేని "ఇంకా తేలలేదు" కూడా ఒక రకమైన "నార్మల్" ముద్రే.

అంటురోగాలకు ఉంది, గుండెకు లేదు

సూరత్‌కు ఈ పాఠం కొత్త కాదు. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్త వచ్చినప్పుడు లక్షలమంది ఈ నగరం వదిలి పారిపోయారు. ఎవరికి అనుమానం, ఎవరికి నిర్ధారణ అన్న తేడా జనానికి అందలేదు. అనుమానాన్నీ నిర్ధారణనూ కలిపేస్తే ఎంత నష్టమో అప్పుడు దేశం మొత్తం చూసింది. ఆ తర్వాత, 2004లో మొదలైన సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమంలో మూడు ఫారాలు పెట్టారు. ఆరోగ్య కార్యకర్త నింపేది అనుమానిత కేసులకు. డాక్టర్ నింపేది వైద్యపరంగా అంచనా వేసిన కేసులకు. ల్యాబ్ నింపేది నిర్ధారణ అయిన కేసులకు. అంటే ప్రశ్నార్థకానికి ఒక ఫారం, సగం ప్రశ్నార్థకానికి ఒక ఫారం, జవాబుకు ఒక ఫారం.

డెంగీకి చేయగలిగింది గుండెకు చేయలేమా? సాంకేతికంగా అడ్డంకి కూడా లేదు. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్, రికార్డుల మార్పిడికి ఎఫ్‌హెచ్‌ఐఆర్ అనే అంతర్జాతీయ ప్రమాణాన్ని వాడుతోంది. ఆ ప్రమాణంలో ప్రతి జబ్బు నమోదుకూ "నిర్ధారణ స్థితి" అనే గడి ఉంది. నిర్ధారణ కాలేదు, తాత్కాలికం, నిర్ధారణ అయింది, తోసిపుచ్చాం అని విడివిడిగా రాయొచ్చు. డాక్టర్ చీటీ మీది ప్రశ్నార్థకం కూర్చోవడానికి కుర్చీ సిద్ధంగా ఉంది. ఆసుపత్రుల, ఆరోగ్య శిబిరాల సాఫ్ట్‌వేర్‌లో ఆ గడిని తెరిచి, నింపడం తప్పనిసరి చేయడమే మిగిలింది.

కార్మికుడికే దెబ్బ అయితే?

ఈ వాదనకు బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. "అసాధారణం అని కోడ్ వేస్తే మొదట నష్టపోయేది కార్మికుడే. యజమాని ఆ ఒక్క మాట చూసి గేటు దగ్గరే ఆపేస్తాడు. 'నార్మల్' అని రాసే డాక్టర్ నిజానికి దయతో రాస్తున్నాడు" అంటారు. ఇందులో నిజం ఉంది. రోజు కూలీ మీద బతికే మనిషికి రేపటి గేట్‌పాస్ ముందు పదేళ్ల తర్వాతి గుండె చిన్నదిగానే కనిపిస్తుంది. ఎకోకు పంపితే ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది మరో ప్రశ్న.

కానీ ఇందుకు పరిష్కారం అబద్ధపు రికార్డు కాదు. రికార్డు ఎవరి చేతిలో ఉండాలో తేల్చడం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1985 నాటి 171వ సిఫార్సు దీన్ని స్పష్టంగా విడదీసింది. ఆ పనికి ఈ మనిషి తగునా, ఏమైనా పరిమితులతో తగునా అన్న ముగింపు మాత్రమే యజమానికి వెళ్లాలి. అందులో వైద్య సమాచారం ఉండకూడదు. ఈసీజీ వివరాలు డాక్టర్‌కూ కార్మికుడికీ మధ్య ఉండాల్సినవి.

మన చట్టంలోనూ దీనికి పునాది ఉంది. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేర్చిన 41సీ సెక్షన్, ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసేవాళ్ల ఆరోగ్య రికార్డులు కచ్చితంగా, తాజాగా ఉంచాలని, అవి కార్మికుడికి అందుబాటులో ఉండాలని చెప్పింది. నిర్ణీత కార్మికులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష యజమాని బాధ్యతని 2020 వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ చెబుతోంది. కానీ ఆ పరీక్షలో తేడా వస్తే తర్వాతి మెట్టు ఎవరిదన్న ప్రశ్న దగ్గరే కార్మికుడు ఒంటరి అవుతున్నాడు.

ఇక 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. ఇందులో ఆరోగ్య సమాచారానికి ప్రత్యేకమైన "సున్నిత డేటా" హోదా లేదు. పైగా ఏడో సెక్షన్ ఉద్యోగ అవసరాల కోసం, యజమానిని నష్టం నుంచి కాపాడటం కోసం సమ్మతి లేకుండానే డేటా వాడుకునే వీలు ఇచ్చింది. ఈసీజీ ఫలితం ఈ సందులోంచి యజమాని టేబుల్ మీదకు చేరగలదు. రికార్డు నిజాయితీగా ఉండాలని కోరేవాళ్లు ఈ సందు మూయాలని కూడా కోరాలి. ఒకటి అడిగి రెండోది వదిలేస్తే కార్మికుణ్ణి మరింత బలహీనుణ్ణి చేసినట్టే.

రెండో అభ్యంతరం సమయం గురించి. రోజుకు వందమందిని చూసే డాక్టర్ ఇంత రాయగలడా? రాయలేడు, తెల్ల కాగితం ఇస్తే. గడులున్న ఫారం ఇస్తే టిక్కులు పెట్టడానికి నిమిషం కూడా పట్టదు. "నార్మల్ / అన్‌ఫిట్" అన్న రెండు గడుల మధ్య మూడో గడి పెట్టడానికి కొత్త డాక్టర్లు అక్కర్లేదు.

ఏం చేయాలి?

మెయిన్స్ జవాబులో "ముందుకు దారి" కింద నేనైతే ఈ ఐదు రాస్తాను.

1. పనిలో చేరే ముందు, ఏటా జరిగే ఆరోగ్య పరీక్షల ఫారంలో మూడో గడి తప్పనిసరి చేయాలి: "పరీక్షలో తేడా ఉంది, నిర్ధారణ కాలేదు". దాని పక్కన తదుపరి పరీక్ష, తేదీ ఉండాలి.

2. ఓపీ ఈసీజీని కనీసం ఫొటో రూపంలోనైనా కార్మికుడి ఆభా ఖాతాకు జతచేయాలి. రాష్ట్రం మారినా పాత ఈసీజీ చేతిలో ఉండాలి. వలస కార్మికుడికి ఇంతకంటే పనికొచ్చే వైద్య కాగితం లేదు.

3. యజమానికి "తగును", "పరిమితులతో తగును", "తాత్కాలికంగా ఆగాలి" అన్న ముగింపు మాత్రమే ఇవ్వాలి. తాత్కాలికంగా ఆపితే తేల్చే పరీక్ష ఖర్చు యజమాని లేదా ఈఎస్ఐ భరించాలి.

4. అనుమానం తప్పని తేలితే "తోసిపుచ్చాం" అన్న నమోదు కూడా అంతే తప్పనిసరిగా ఉండాలి. బీమా సంస్థలు నిర్ధారణ స్థితి చూడకుండా "ముందే ఉన్న జబ్బు" అనకూడదు. ఈసీజీలో తేడా ఉన్నట్టు బీమా దరఖాస్తులో దాచమని నేను అనడం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినవాడికి నష్టం జరగకూడదంటున్నాను.

5. ఫలితాన్ని రోగికి అర్థమయ్యే భాషలో రెండు వాక్యాల్లో చెప్పాలి. డాక్టర్ ఇంగ్లిష్‌లో రాసి, నర్సు గుజరాతీలో చెప్పి, కార్మికుడు తెలుగులో భయపడే పరిస్థితి మారాలి. "మీకు జబ్బు ఉందని తేలలేదు, లేదని కూడా తేలలేదు. ఈ తేదీన రండి." ఇంతే. సూరత్ లాంటి నగరాల్లో ఈ రెండు వాక్యాలు ఏడెనిమిది భాషల్లో అచ్చు వేయించడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

పరీక్ష కోణంలో చివరి మాట

మిత్రులారా, ఈ అంశాన్ని జీఎస్-2లో ఆరోగ్య పాలన కింద, జీఎస్-3లో డిజిటల్ మౌలిక వసతుల కింద, జీఎస్-4లో కేస్ స్టడీగా వాడుకోవచ్చు. కేస్ స్టడీలో "దయతో నార్మల్ అని రాసిన డాక్టర్" పాత్ర వస్తే తొందరపడి అతన్ని దోషిగా నిలబెట్టకండి. అతనికి ఆ అబద్ధం తప్ప వేరే దయ చూపే అవకాశం ఇవ్వని ఫారాన్ని కూడా ప్రశ్నించండి. రేపు మనలో ఎవరైనా జిల్లా కలెక్టరో, కార్మిక శాఖ అధికారో అయితే మన సంతకంతో వెళ్లేవి ఇలాంటి ఫారాలే. అందులో ఏ గడి ఉందో, ఏది లేదో చూసి సంతకం పెట్టడం కూడా ప్రజాసేవే.

సాధన ప్రశ్న: "అసాధారణ పరీక్షా ఫలితాన్ని రోగ నిర్ధారణగా నమోదు చేయడం, అసలు నమోదు చేయకపోవడం రెండూ పాలనా వైఫల్యాలే." వలస కార్మికుల వృత్తి ఆరోగ్య పరీక్షల నేపథ్యంలో చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)